పెదాలు ముందు, మాట వెనక

అరకులోయలో టీవీలు, టేపురికార్డర్లు బాగుచేసే కొట్టు పెట్టిన మొదటి వానాకాలమే నన్ను చలిజ్వరం పట్టుకుంది. మాది శృంగవరపుకోట దగ్గర ఊరు. మైదానం నుంచి కొండెక్కినవాడికి మొదటి ఏడు జ్వరం తప్పదని బజారులో అందరూ చెప్పారు, నేనే లెక్కచేయలేదు. కొట్టు వెనక గదిలో రెండు దుప్పట్లు కప్పుకుని వణుకుతూ పడుంటే, పక్కనున్న టీ కొట్టాయన ఆరోగ్య కేంద్రానికి కబురు పెట్టాడు. నర్సు వచ్చింది. నా వేలు పొడిచి గాజు పలక మీద రక్తం బొట్టు తీసుకుంది. మాత్రలు దగ్గరుండి మింగించింది. దోమతెర లేకుండా ఇక్కడెలా బతుకుదామనుకున్నావని తిట్టింది. మర్నాడు తనే ఒక దోమతెర తెచ్చి, నాలుగు మేకులు అడిగి తీసుకుని, గోడకి కట్టి వెళ్ళింది. అప్పట్నుంచి ఆవిడ నాకు అక్క.

అక్కది ఈ కొండల్లోని ఊరే. హాస్టల్లో ఉండి చదువుకుని, నర్సు ట్రైనింగయి, చుట్టుపక్కల ఊళ్ళన్నీ కాలినడకన తిరిగేది. భర్త ఆశ్రమ పాఠశాలలో టీచరు. నేను మాస్టారూ అనేవాణ్ణి. ఆయనది పాడేరు వైపు కొండ ఊరు. నెమ్మదైన మనిషి, నలుగురిలో ఒక మాట తూలితే ఏమనుకుంటారో అని ఎప్పుడూ జంకుతూ ఉండేవాడు. వాళ్ళకి ఒక్కతే కూతురు. పాడేరులో ఇంటరు చదివేది. సెలవులకి వచ్చినప్పుడు ఇంట్లో టేపురికార్డరు పట్టుకుని నా కొట్టుకొచ్చేది. ఒకసారి దాని బెల్టు మార్చి, సరిగ్గా ఉందో లేదో చూడటానికి ఆ పిల్ల చేతే నాలుగు మాటలు మాట్లాడించి రికార్డు చేశాను. విని మొహం చిట్లించింది. "మావయ్యా, నా గొంతు ఇలాగుంటాదేటి?" అంది. మన గొంతు మనకి లోపల్నుంచి కూడా వినిపిస్తుంది, బయటివాళ్ళు వినేది ఇదే అని చెప్పాను. నమ్మలేదు. మళ్ళీ మళ్ళీ పెట్టించుకుని వింది.

తొంభైల చివర్లో ఒక ఏడు, వేసవి పోయి వానలు మొదలైన రోజుల్లో, మాస్టారి అన్నగారి కొడుకు పెళ్ళికి ముగ్గురూ ఆ కొండ ఊరు వెళ్ళారు. అక్కడ జరిగింది నాకు తర్వాత కొంచెం కొంచెంగా తెలిసింది. పెళ్ళినాడు సాయంత్రానికి పిల్లకి ఒళ్ళు కాలిపోయింది. అక్క సంచిలో ఉన్న మాత్రలు వేసింది. బయల్దేరదామంటే మధ్యాహ్నం భోజనాల వేళకి పట్టిన వాన ఇంకా వదల్లేదు, ఊరి కింద గెడ్డ పొంగి పారుతోంది. పెళ్ళికి వచ్చిన జీపుల్లో ఆఖరిది భోజనాలకి ముందే గెడ్డ దాటి వెళ్ళిపోయింది. రెండు రోజులు అలాగే ఉండిపోయారు. మూడోనాడు నీరు తగ్గాక పిల్లని డోలీలో మోసుకుని గెడ్డ దాటించి, జీపెక్కించి విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. అదే జీపులో అక్క కూడా జ్వరంతో వాలిపోయింది. పిల్ల స్పృహలోకి రాకుండానే మర్నాడు పోయింది. అక్కకి తెలివి వచ్చేసరికి నాలుగు రోజులయింది. అప్పటికి పిల్లని మళ్ళీ ఆ కొండ ఊరే తీసుకెళ్ళి పాతిపెట్టేశారు. మాస్టారు మంచం పక్కన కూర్చుని ఆ సంగతి చెప్తుంటే, ఆయన నోరు కదులుతోంది కానీ గొంతు రావడం లేదని అక్క అనుకుందట. ఏడుపుతో గొంతు పూడుకుపోయిందనుకుందట. వినపడనిది తనకని తెలియడానికి ఇంకొంచెం సేపు పట్టింది.

జ్వరం తలకెక్కినందుకో, ఎక్కించిన మందుకో, చెవులు ఎందుకు పోయాయో ఎవరూ తేల్చి చెప్పలేదు. కొందరికి తిరిగి వస్తుందన్నారు. ఆవిడకి రాలేదు. పూర్తిగా పోలేదు కూడా. ఉరుము, లారీ, దగ్గరగా కొట్టిన డప్పు, మగవాళ్ళ బొంగురు గొంతులు ఎక్కడో దుప్పటి కింద నుంచి వచ్చినట్టు తెలిసేవి. ఆడపిల్లల గొంతు, పిట్టల కూత, ఈల, ఇవేవీ లేవు.

ఉద్యోగం మానలేదు. ఏడాది తిరిగేసరికి పెదాలు చూసి మాట పట్టుకోవడం నేర్చుకుంది. నా కొట్టుకొచ్చి కౌంటరు ముందు నిలబడి నా నోటి వైపు చూసేది. నేను స్క్రూలు పళ్ళ మధ్య పెట్టుకుని మాట్లాడితే కోప్పడేది. ప, బ, మ ఈ మూడూ పెదాల మీద ఒక్కలాగే ఉంటాయని, బండి అన్నా మండి అన్నా తనకి ఒకటేనని, ముందూ వెనకా మాటల్ని బట్టి ఊహించుకోవాలని చెప్పింది. తన గొంతు ఎంత పెద్దగా వస్తోందో తెలియక సంతలో అరిచినట్టు మాట్లాడేది. కూతురి మాట మాత్రం ఎప్పుడూ ఎత్తలేదు.

ఆ పెళ్ళికి వీడియో తీశారు. పాడేరు నుంచి వచ్చిన వీడియో అతను రెండు గంటల క్యాసెట్ చేసిచ్చాడు. అందులో దాదాపు గంట గడిచాక థింసా ఆట వస్తుంది. ఆడవాళ్ళు చేతులు వెనక నుంచి పెనవేసుకుని వరసగా ఆడుతుంటే, వరసలోంచి పిల్ల విడివడి కెమెరా ముందుకొస్తుంది. కెమెరా అతని వెనక ఎక్కడో అక్క ఎవరితోనో మాట్లాడుతూ నిలబడి, ఎలా ఉందని చెయ్యి ఊపి అడిగిందట. పిల్ల ఇటు చూసి ఒక మాట అంటుంది. తర్వాత తల పక్కకి తిప్పుతుంది. అంతే, మళ్ళీ కనిపించదు. ఆ మాట "బాగుందమ్మా" అని అక్క పెదాలు చదివి తెలుసుకుంది. ఆట బాగుందనో, కొత్త చీర బాగుందనో. ఏళ్ళ తరబడి వీసీఆర్‌లో ఆ చోటు చూసుకునేది. ఆ సంగతి నాకు చెప్పింది మాస్టారు. వీసీఆర్ పాడైతే బాగుచెయ్యడానికి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు.

తర్వాత వీసీఆర్‌ల కాలం పోయింది. విడిభాగాలు దొరకడం మానేశాయి. మాస్టారు ఆ క్యాసెట్‌ని విశాఖపట్నంలో ఒక స్టూడియోలో ఇచ్చి డిస్కు చేయించుకొచ్చాడు.

హోమ్ థియేటర్ మాట అక్కే తెచ్చింది. పోలియో చుక్కల మీటింగుకి షామియానా వేస్తే ఆవిడ వెళ్ళి పెద్ద స్పీకరు పెట్టె పక్కనే కూర్చుందట. మైకులో మాట్లాడుతున్న డాక్టరు పెదాలు కనిపిస్తుంటే, ఆయన గొంతు కూడా చెవికి తగులుతుంటే, రెండూ కలిసి మాట పూర్తిగా అర్థమైందట. ఎనిమిదేళ్ళలో మొదటిసారి. మర్నాడు పొద్దున్నే నా కొట్టుకొచ్చి, ఇంట్లో అలాంటి పెట్టె పెట్టగలవా అని అడిగింది. అంతలావు శబ్దం దేనికని నేను అడగలేదు.

మాస్టారు కొనితెచ్చాడు. ఇష్టంగా తెచ్చినట్టు లేదు. డిస్కు ప్లేయరు, అయిదు చిన్న స్పీకర్లు, బండరాయిలాంటి ఒక బాస్ పెట్టె. నేను బిగించాను. వెనక పెట్టవలసిన స్పీకర్లు తీసేశాను, గదిలో ఒక గొంతు నాలుగు వైపుల నుంచి వస్తే ఆవిడకి ఇంకా గందరగోళం. మాటలన్నీ వచ్చే మధ్య స్పీకరుని టీవీ కిందే, అక్క కూర్చునే కుర్చీకి చెవి ఎత్తులో, చెయ్యి చాపితే అందేంత దగ్గరలో పెట్టాను. ఒక సినిమా డిస్కు వేశాను. అక్క కొద్దిసేపు చూసి, కళ్ళు తుడుచుకుంది. తెలుస్తోంది తమ్ముడూ అంది. ఆ పాత్రల మాటలు రెండు మూడు నాకు తిరిగి చెప్పి, సరిగ్గా విన్నానా అని అడిగింది. సరిగ్గానే వింది.

అప్పుడు పెళ్ళి డిస్కు వెయ్యమంది.

మొదటి పావుగంట బాగానే ఉంది. పోను పోను తేడా తెలిసింది. పూజారి నోరు మూశాక మంత్రం వినపడుతోంది. డప్పు మీద కర్ర పడ్డాక, చెయ్యి పైకి లేచాక దెబ్బ వస్తోంది. మామూలు మనిషి కాసేపు చిరాకుపడి ఊరుకుంటాడు. అక్కకి అలా కాదు. పెదాలు ఒకటి చెప్తుంటే చెవి ఇంకొకటి చెప్తోంది. రెండూ కలిసి ఏ మాటా కావడం లేదు. "సౌండు లేకపోతే పెదాలైనా సదువుకునేదాన్ని. ఇప్పుడు రెండూ పోయాయి," అంది. పిల్ల వచ్చే చోటికి వచ్చేసరికి ఒక సినిమా పాట మొదలైంది. ఆట అంతా ఆ పాటే. అక్క స్పీకరు మీద చెయ్యి పెట్టి చూసి, నా వైపు తిరిగి, పిల్ల గొంతు ఏదని అడిగింది. ఇక్కడ పాట వేశారక్కా అని పెదాలు స్పష్టంగా కదిపి చెప్పాను. మాస్టారు, స్టూడియోవాళ్ళు అంతే చేస్తారు, పెళ్ళి క్యాసెట్లన్నిట్లో పాటలు వేస్తారు అన్నాడు. అది నిజమే కాబట్టి నేనూ తలూపాను.

ప్లేయరులో శబ్దాన్ని వెనక్కి జరిపే సదుపాయం ఉంది. ముందుకి లాగే సదుపాయం లేదు. ఇక్కడ శబ్దం అసలే వెనకబడి ఉంది. పైగా ఆ వెనకబాటు ఒక్కలా లేదు, నిమిష నిమిషానికీ పెరుగుతోంది. క్యాసెట్‌ని కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు యంత్రం అందుకోలేక మధ్యమధ్యలో బొమ్మల్ని వదిలేసింది, శబ్దాన్ని మాత్రం పూర్తిగా తీసుకుంది. బొమ్మ తగ్గిపోయి, శబ్దం మిగిలిపోయింది. గంట గడిచేసరికి రెండు మూడు సెకన్ల తేడా. దీనికి డిస్కుతో పని కాదు, అసలు క్యాసెట్ ఉంటే మళ్ళీ మొదట్నుంచి చెయ్యాలి అన్నాను. క్యాసెట్ పారేశామేమో అని మాస్టారు అంటుండగానే అక్క లోపలికెళ్ళి ట్రంకుపెట్టె తెరిచి, గుడ్డలో చుట్టిన క్యాసెట్ తెచ్చి నా చేతిలో పెట్టింది.

ఈ కొండల చెమ్మకి టేపు మీద బూజు పడుతుంది. క్యాసెట్ విప్పి చూస్తే చుట్ట అంచున తెల్లగా పొడి. కొట్టులో పాత వీసీఆర్ ఒకటి ఒళ్ళు విప్పి పెట్టుకుని, టేపుని మెత్తటి గుడ్డ మీదుగా నెమ్మదిగా నడిపిస్తూ తుడిచాను. మూడు రోజులు పట్టింది. అప్పటికి నేను కూడా ఒక కంప్యూటర్ కొనుక్కుని ఉన్నాను, పెళ్ళి క్యాసెట్లు డిస్కులు చేసివ్వడానికి. కరెంటు నిలకడగా ఉండే వేళ చూసుకుని, పది నిమిషాల ముక్కలుగా ఎక్కించాను. ప్రతి ముక్కలోనూ డప్పు మీద కర్ర పడే చోటు వెతికి, దెబ్బ శబ్దాన్ని అక్కడికి జరిపి కలిపాను. అలా కలుపుకుంటూ ఆట దగ్గరికొచ్చాను. ఇందులో పాట లేదు. నిజం డోళ్ళు, సన్నాయి, జనం గోల. పిల్ల ముందుకొచ్చింది. చెవులకి హెడ్‌ఫోన్లు బిగించుకుని ఉన్నాను.

పిల్ల అన్నది బాగుందమ్మా అని కాదు. "బాగోనేదమ్మా" అంది.

ఇంకోసారి పెట్టి విన్నాను. గొంతు నేను ఎరిగిందే, కొంచెం నీరసంగా ఉంది. బాగుందమ్మా, బాగోనేదమ్మా. పెదాల మీద ఎంత తేడా ఉంటుంది? చూస్తే తెలియదు, వింటే తెలుస్తుంది. ఆ మాట వెనకే, కెమెరా పక్క నుంచి, మనిషి కనపడకుండా, ఒక మగ గొంతు. "ఊరుకోమ్మా. పెళ్ళివారి ముందు బాగుండదు. భోజనాలయ్యాక వెళ్దాం." పిల్ల ఆ గొంతు వైపే తల తిప్పింది.

అది మాస్టారి గొంతు.

ఆ మధ్యాహ్నం కొట్టు మూసి, రైల్వే స్టేషన్ దాకా ఊరికే నడిచి వచ్చాను. భోజనాలకి ముందు వెళ్ళిపోయిన జీపు గురించే ఆలోచించాను. అందులో ఎక్కి ఉంటే పిల్ల బతికేదేమో, బతికేది కాదేమో, అది నాకు తెలియదు. ఆయనకీ తెలియదు. కానీ ఎనిమిదేళ్ళుగా ఆయన ఆ సంగతి ఒక్కడే మోస్తున్నాడు. డిస్కు మీద పాట ఎలా వచ్చిందో కూడా నాకు అర్థమైంది.

సంత రోజున మాస్టారు వచ్చాడు. జనం పలచబడే దాకా ఎదుటి అరుగు మీద కూర్చుని, తర్వాత లోపలికొచ్చాడు. విన్నావా అని అడిగాడు. విన్నానన్నాను. పాట తనే వేయించానని ఒప్పుకున్నాడు. ఆ వేళ పిల్ల నుదుటి మీద చెయ్యి పెట్టి చూడలేదని, ఎండలో ఆడి అలిసిందనుకున్నానని, అన్నగారికి చిన్నతనం అవుతుందని అలా అన్నానని చెప్పాడు. మళ్ళీ పాట వెయ్యి అన్నాడు. అది కుదరదన్నాను. అక్క వినాలనుకుంటోంది పిల్ల గొంతు, అది తీసేస్తే ఈ పనంతా దేనికి అన్నాను.

ఆయన గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చాడు. తర్వాత, "పిల్ల గొంతు ఉంచు. నాది తీసెయ్యి," అన్నాడు.

అప్పుడు నాకది న్యాయంగానే తోచింది. దానివల్ల ఏం జరగబోతోందో నేను ఆలోచించలేదు. ఆయన బాధ కళ్ళముందుంది, అక్క బాధ ఇంకా రాలేదు, అందుకని ఆయన మాట విన్నాను. పని కూడా శ్రద్ధగానే చేశాను. ఆయన మాటలున్న మేర కోసేసి, అదే ఆటలోంచి డోలు మోత తెచ్చి అతికించాను. అతుకు నాకే తెలియనంత నున్నగా వచ్చింది.

డిస్కు తీసుకెళ్ళి వేశాను. అక్క కుర్చీ ముందుకి జరుపుకుంది. మాస్టారు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఈసారి డప్పు మీద కర్ర పడగానే దెబ్బ వినపడింది. అక్క ప్రతి మనిషినీ గుర్తుపట్టి, వాళ్ళన్న మాట పైకి చెప్తూ వచ్చింది. పోయినవాళ్ళు కూడా ఉన్నారు అందులో. పెళ్ళికొడుకు తల్లి ఏదో పరాచికమాడితే, ఎనిమిదేళ్ళ తర్వాత దానికి నవ్వింది. పిల్ల వచ్చింది. శబ్దం అంత పెద్దగా పెట్టినా ఆడపిల్ల గొంతు ఆవిడకి సగమే అందింది, కానీ పెదాలకి ఆ సగం తోడైతే చాలు.

అక్క కదల్లేదు. వెనక్కి తిప్పి మళ్ళీ వెయ్యమని చేత్తో చూపించింది. వేశాను. మూడోసారి కూడా వేశాను. నాలుగోసారి వెయ్యబోతుంటే నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"నాతో సెప్పింది. అప్పుడు నాకు సెవులు బాగానే ఉన్నాయి. నేను ఇన్నేదు," అంది.

నేను మాస్టారి వైపు చూశాను. ఆయన బయటికి చూస్తున్నాడు. ఇప్పుడు రాస్తుంటే ఆ రెండు క్షణాలు ఎంత పొడుగ్గా ఉన్నాయో తెలుస్తోంది. ఎవరో ఒకరం నోరు తెరవాల్సింది. ఆవిడ పెదాలు చూస్తే చాలు, తెలుసుకోగలదు. అక్క లేచి వంటింట్లోకి వెళ్ళి నాకు టీ పెట్టి తెచ్చింది. తాగాను.

ఆ తర్వాత ఆర్నెల్లు అక్క మనిషి కాదు. డ్యూటీ లేని రోజు కూడా సంచి భుజానికేసుకుని, బళ్ళు పోని ఊళ్ళకి నడిచిపోయేది. ఇంటింటికీ వెళ్ళి పిల్లల వేలు పొడిచి రక్తం తీసేది. ఒంట్లో బాగున్న పిల్లల్ని కూడా వదిలేది కాదు, తల్లులు చెప్తే నమ్మేది కాదు. కొన్ని ఊళ్ళలో ఆవిణ్ణి చూసి పిల్లల్ని దాచేవారు. పై అధికారులకి ఫిర్యాదు వెళ్ళింది. మెమో ఇచ్చారు. కొట్టు ముందు నుంచి వెళ్తుంటే పిలిచినా ఆగేది కాదు, వినపడదు కదా. మెడ ఎముకలు బయటికొచ్చాయి. ఒకసారి ఘాట్ రోడ్డు మీద వెనక నుంచి వస్తున్న లారీ చప్పుడు ధ్యాసలో పడక, కొంచెంలో తప్పింది. డ్రైవరే ఎక్కించుకొచ్చి నా కొట్టు దగ్గర దించివెళ్ళాడు. మోచేతులు గీసుకుపోయి ఉన్నాయి. కట్టు కడుతుంటే, నేను పోయినా ఫర్వాలేదు తమ్ముడూ, పిల్ల పిలిస్తే పలకని దాన్ని అంది. అప్పుడూ నేను చెప్పలేదు.

చివరికి మాస్టారే వచ్చాడు. గడ్డం మాసి ఉంది. ఆ ముక్క మళ్ళీ పెట్టమన్నాడు. తీసేసిన శబ్దం కంప్యూటర్‌లో ఉంది, పెట్టడం పావుగంట పని. కానీ నాకు కోపం వచ్చింది. డిస్కు దేనికి, మీరే చెప్పొచ్చు కదా మాస్టారూ అన్నాను.

"నేను చెప్తుంటే ఆవిడ నా పెదాల వైపు చూస్తుంది. ఆ కళ్ళు నా మీద ఉండగా నా నోరు రాదు," అన్నాడు.

మర్నాడు పొద్దున్న, అక్క ఇంకా సంచి తీసుకుని బయల్దేరక ముందే వెళ్ళాను. ఆ ముక్కే వేశాను. మాస్టారు లోపలికి రాలేదు, అరుగు మీద కూర్చున్నాడు. పిల్ల మాట వచ్చింది. దాని వెనక మగ గొంతు వచ్చింది. బొంగురు గొంతులే ఆవిడకి బాగా తెలుస్తాయి. అందులో పాతికేళ్ళకి పైగా కాపురం చేసిన గొంతు. పెదాలు కనపడకపోయినా పట్టుకుంది. మాటలు పూర్తిగా అందలేదేమో, నన్ను చెప్పమంది. నేను ఒక్కొక్క మాటా పెదాలతో చెప్పాను. పెళ్ళివారి ముందు బాగుండదు. భోజనాలయ్యాక వెళ్దాం.

"పిల్ల తల ఎందుకు తిప్పిందో అనుకునేదాన్ని," అంది. టీవీ వైపే చూస్తూ ఉంది. ఏడవలేదు. సంచి తీసి గోడకి తగిలించి, ఆ రోజు డ్యూటీకి వెళ్ళకుండా పడుకుంది. నేను బయటికొస్తుంటే మాస్టారు తల పైకెత్తి నా మొహంలోకి చూశాడు. చెప్పానన్నట్టు తలూపాను.

గొడవేమీ పడలేదు వాళ్ళు. ఒకే ఇంట్లో ఉన్నారు. ఆవిడ వండింది, ఆయన తిన్నాడు. అయితే ఆయన మాట్లాడటం మొదలుపెడితే ఆవిడ మొహం పక్కకి తిప్పేసేది. పెదాల వైపు చూడకపోతే ఆవిడ దగ్గర మాటకి దారి లేదు. మొదట్లో ఆయన ఎదురుగా వెళ్ళి నిలబడేవాడట. ఆవిడ కళ్ళు దించేసుకునేది. తర్వాత తర్వాత ఆయన మానేశాడు. ఏదైనా చెప్పవలసి వస్తే స్కూలు పలక మీద రాసి బల్ల మీద పెట్టేవాడు. నేను ఒకసారి చూశాను, బియ్యం అయిపోయాయి అని రాసి ఉంది. కింద అక్క అక్షరాలతో, తెచ్చాను అని.

ఊళ్ళ మీద తిరగడం మాత్రం తగ్గించింది. డ్యూటీ ప్రకారం వెళ్ళి వచ్చేది. ఒళ్ళు కొంచెం కోలుకుంది.

మాస్టారు రిటైరయ్యాక పాడేరు వైపు వాళ్ళ ఊరు వెళ్ళిపోతున్నామని, హోమ్ థియేటర్ విప్పి ఆశ్రమ పాఠశాలలో బిగించమని కబురొచ్చింది. అక్క కూడా అటు వైపే బదిలీ పెట్టుకుంది. పిల్ల ఉన్నది అక్కడే కదా అని అనుకున్నాను. నేను వెళ్ళేసరికి ఇల్లంతా మూటలు. మాస్టారు లారీ మాట్లాడటానికి వెళ్ళాడు. నేను నేల మీద కూర్చుని వైర్లు విప్పుతుంటే అక్క వచ్చి ఎదురుగా పీట వేసుకుని, నా మొహం కనిపించేలా కూర్చుంది.

"మొదటిసారి ఆయన మాట నువ్వే తీసేసావా?"

అవునన్నాను. మాస్టారు తీయమన్నారని చెప్పబోయి ఆగిపోయాను. తీసిన చెయ్యి నాదే.

అక్క కొంతసేపు నా నోటి వైపు చూసింది, ఇంకేమైనా వస్తుందేమోనని కాబోలు. రాలేదు.

"ఆ తప్పు మా ఇద్దరిదీ, వానదీ. ఆయన సెప్పనేదు, నేను ఇన్నేదు, వాన పట్టేసింది. అలాగే ఉంచితే నేను ఏడిసి ఊరుకుందును. మీ ఇద్దరూ కలిసి ఆర్నెల్లు నా ఒక్కదాని మీదే ఎట్టేసారు," అంది. గొంతు పెద్దగానే వచ్చింది. కోపంతో వచ్చిందో, ఎప్పటిలాగే వచ్చిందో నాకు తెలియలేదు.

నేను క్షమించమని అడిగాను. తల వంచుకుని అడిగాను. పెదాలు కనిపించి ఉండవు. అది తట్టి తల ఎత్తేసరికి ఆవిడ లేచి, బయట లారీ ఆగినట్టుంది, చూడడానికి వెళ్ళిపోయింది.

స్పీకర్లు ఆటోలో వేసుకుని పాఠశాలకి తీసుకెళ్ళి, ఆ సాయంత్రమే హాల్లో బిగించాను. పెళ్ళి క్యాసెట్లు డిస్కులు చేసే పని తర్వాత ఇంకో రెండేళ్ళు చేశాను. అందులో ఎవరి మాటా తీయలేదు, ఎవరు అడిగినా. అక్కకి చేసిన తప్పు ఆ లెక్కతో సరిపోదని తెలుసు. వాళ్ళ ఊరు బస్సులో వెళ్తే ఒక పూట ప్రయాణం. నేను వెళ్ళలేదు.